అడుగున ఉన్న గుర్తొక్కటే చాలదు
ఫ్రాన్స్‌లోని సెవ్ర్ ఫ్యాక్టరీ పింగాణీ గురించి మీరు రాసిన వ్యాసం బాగుంది. కానీ పాత్ర అడుగున పెనవేసుకున్న రెండు ‘ఎల్’ అక్షరాలుంటే అది అసలైన సెవ్ర్ పింగాణీయే అని రాశారు, దాంతో మాత్రం ఏకీభవించలేను. 1800లో డైరెక్టరైన బ్రోన్యార్, ఫ్యాక్టరీ నడవడానికి డబ్బు కోసం రంగులు వేయని పాత తెల్ల సామాను పెద్ద ఎత్తున అమ్మించారు. బయటివాళ్లు వాటిమీద బొమ్మలు వేసి, దొంగ గుర్తులు కూడా పెట్టారు. అంటే పాత్ర అసలుదే, పైనున్న బొమ్మ నకిలీ!

అందుకే ముందు రంగు చూడండి. కెయోలిన్ అనే తెల్లమట్టి లేని ఆ తొలినాటి ‘సాఫ్ట్ పేస్ట్’ రకం పింగాణీలో రంగు గ్లేజులోకి, అంటే పైనున్న గాజులాంటి పూతలోకి, ఇంకి మెత్తగా మెరుస్తుంది. ఆ మెరుపంటే నాకు ప్రాణం. తర్వాత చూడాల్సింది గుర్తులో తయారైన ఏడాదిని తెలిపే అక్షరం: 1753కి ‘ఎ’, 1754కి ‘బి’. బొమ్మల వెనక నేపథ్యంగా వేసే గులాబీరంగు వచ్చింది 1757 ప్రాంతంలో. ‘బి’ అక్షరంతో గులాబీరంగు కప్పు ఎవరైనా చూపిస్తే తొందరపడి కొనకండి.