పరీక్ష ఎత్తేస్తే నష్టపోయేది చిన్న కాలేజీల పిల్లలే
ప్రోగ్రామర్లను తీసుకునేటప్పుడు కోడింగ్ పరీక్షలు దండగ, రెజ్యూమె చూసి కాసేపు మాట్లాడితే చాలని ఒక వ్యాసంలో రాసిన వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. విశాఖలో రుషికొండ దగ్గర ఒక చిన్న కంపెనీకి ఇంటర్వ్యూలు చేస్తుంటాను. రెజ్యూమెనే చూస్తే శ్రీకాకుళం, విజయనగరం వైపు పెద్దగా పేరులేని కాలేజీల్లో చదివినవాళ్ల కాగితాలు మా బల్ల దాకా రానే రావు. ఇంగ్లీషులో తడబడే పిల్లలు కూడా కీబోర్డు ముందు కూర్చోబెడితే చక్కగా రాసి చూపిస్తారు. వాళ్లకున్న ఆ ఒక్క దారినీ మూసేయమంటే ఎలా? అయితే ఎలాంటి పరీక్ష అన్నదే అసలు సంగతి. ఇద్దరు పక్కన నిలబడి చూస్తుండగా బోర్డు మీద బైనరీ ట్రీ (డేటాను చెట్టు కొమ్మల్లా రెండేసిగా అమర్చే పద్ధతి) ప్రోగ్రాం రాయమనడం నాకూ నచ్చదు. 2020లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 48 మంది విద్యార్థులతో చేసిన అధ్యయనంలో, ఎదుట ఒకరు చూస్తుండగా రాసినవాళ్ల పనితీరు ఒంటరిగా రాసినవాళ్లతో పోలిస్తే సగానికి పైగా పడిపోయింది. అందుకే మేం తప్పులున్న చిన్న ప్రోగ్రాం ఒకటి ఇచ్చి, గదిలో వదిలేసి బయటికి వచ్చేస్తాం. నెట్‌లో వెతుక్కోవచ్చు. తర్వాత కూర్చుని, దీన్ని ఇలాగే ఎందుకు సరిచేశారని అడుగుతాం. ఏఐతో రాయించుకుని ఉంటే అక్కడ చాలావరకు బయటపడుతుంది. ఇక పరీక్ష పేరుతో నాలుగు రోజుల పని ఇంటికిచ్చి, పైసా ఇవ్వకుండా చేయించుకునే కంపెనీలను మాత్రం వ్యాసకర్త ఎంత తిట్టినా తక్కువే.