కొటియాలో చట్టం తప్పడం ఎలా?

చట్టాన్ని ధిక్కరించడం ఎప్పుడైనా ధర్మమేనా అని రాయగడ, కొరాపుట్ తెలుగువాళ్ళం టీ చల్లారేదాకా వాదించుకుంటాం. అది తేలాలంటే పొట్టంగి దాటి, ఒడిశా, ఆంధ్రా రెండూ మాదంటే మాదనే కొటియా కొండలెక్కాలి.

ధిక్కారానికీ ఒక పద్ధతుంది. గాంధీగారు 1930 మార్చి 2న వైస్రాయి ఇర్విన్‌కి ఉత్తరం రాసి, 12న బయల్దేరి, ఏప్రిల్ 6న దండిలో ఉప్పు తీశారు. ముందు కబురు, తర్వాత తప్పు, ఆపైన జైలు. మూడోది లేకపోతే అది సత్యాగ్రహం కాదు, హెల్మెట్ లేకుండా సందులోంచి జారుకోవడం.

కొటియా పౌరుడు ఈ పద్ధతి పాటిద్దామని కూర్చున్నాడే అనుకుందాం. అక్కడి ఇరవయ్యొక్క ఊళ్ళ కోసం ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. ఈలోగా అటు ఒడిశా పొట్టంగి, ఇటు ఆంధ్రా సాలూరు పోటీపడి బియ్యమూ ఇస్తున్నాయి, ఓటరు కార్డూ ఇస్తున్నాయి. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ ప్రకారం రెండు నియోజకవర్గాల్లో పేరుండకూడదు. ఇంకెక్కడా పేరు లేదని ఓటరుగా చేరే ఫారం 6 మీద అబద్ధపు సంతకం చేస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

కబురు ఎవరికి పెట్టాలి? కొరాపుట్ కలెక్టరుకొకటి, పార్వతీపురం మన్యం కలెక్టరుకొకటి. 2022కి ముందైతే విజయనగరానికి. ధిక్కారం నానబెడితే చిరునామా కూడా మారిపోతుంది మరి.

ఇక తప్పు. 2024 మే 13న రెండువైపులా ఒకేరోజు పోలింగు. మొదటి బూతులో ఎడమ చూపుడువేలికి, గోరు మీంచి కిందికి సిరాగీత గీస్తారు. అందులోని సిల్వర్ నైట్రేట్ చర్మం మీది ఉప్పుతో కలిసి, వెలుగు తగిలి నల్లబడుతుంది. సబ్బుకి లొంగదు, గోటి మీదిది గోరు పెరిగితేనే పోతుంది. రెండో బూతులో ముందు వేలు చూస్తారు, గుర్తుంటే ఓటివ్వరు. దండిలో మనవైపున్న ఉప్పు ఇప్పుడు సర్కారు పక్షం చేరిందన్నమాట. ఒకవేళ రెండుచోట్లా ఓటు పడిందే అనుకోండి, 1951 చట్టం 62వ సెక్షన్ ప్రకారం రెండూ చెల్లవు.

ఫారం 7 ఇచ్చి ఒక పేరు తీయించుకోవచ్చుగా అంటారు పెద్దమనుషులు. ఏ పేరు? కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఏ వైపు పేరు తీయించుకుంటే ఆ వైపు ఆఫీసరు మర్నాడే కొత్త ఫారం 6 పట్టుకుని కొండెక్కుతాడు.

మిగిలింది జైలు. అసలు చిక్కంతా ఇక్కడే. రెండుచోట్ల పేరుందని ఒడిశా కేసు పెట్టాలంటే, ఆంధ్రావాళ్ళ జాబితా కూడా అసలైనదేనని కోర్టులో ఒప్పుకోవాలి. ఆంధ్రా పెట్టినా అంతే. ఒక్క పౌరుణ్ణి లోపలేయడానికి ఇరవయ్యొక్క ఊళ్ళు ఎవరొదులుకుంటారు?

సత్యాగ్రహి దుప్పటీ, చెంబూ సర్దుకుని గుమ్మంలో కూర్చున్నాడు. అటునుంచో జీపు, ఇటునుంచో జీపు వచ్చాయి. రెండిట్లోనూ ఉన్నవి వారెంట్లు కావు, పింఛను దరఖాస్తులు.