ప్రాజెక్టుకు ముహూర్తం

ప్రాజెక్టు ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది, ఎలా ఒడ్డున పడుతుంది అని కొత్తగా మేనేజర్లయిన పిల్లలు నన్ను అడుగుతుంటారు. వాళ్ల చేతుల్లో సర్టిఫికెట్లుంటాయి. 1969లో అమెరికాలో పుట్టిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ వారి శాస్త్రం ప్రకారం దశలు అయిదు: ఆరంభం, ప్రణాళిక, అమలు, పర్యవేక్షణ, ముగింపు. శాస్త్రాన్ని నేను కాదనను. పంతొమ్మిదేళ్లుగా మాదాపూర్‌లో ఈ పౌరోహిత్యమే చేసి ఇల్లు కట్టుకున్నవాణ్ణి, అన్నం పెట్టిన శాస్త్రానికి వంక పెట్టకూడదు. కాకపోతే ఆ అయిదింటికీ ముందు ఇంకో దశ ఉంది. ఏ పరీక్షలోనూ దాని మీద ప్రశ్న రాదు. అది తేదీ ఇచ్చేసే దశ.

మన ఇళ్లలో ముందు పిల్లను చూస్తారు, తర్వాత జాతకాలు చూపిస్తారు, ఆ తర్వాతే ముహూర్తం. మా వృత్తిలో ముహూర్తం పెట్టి, శుభలేఖలు పంచి, ఫంక్షన్ హాలుకి అడ్వాన్సు కట్టాక పిల్ల కోసం వెతుకుతాం. దొరక్కపోతే ఆ తప్పు వెతికినవాడిది, ముహూర్తం పెట్టినవాడిది కాదు. ఈ ధర్మసూక్ష్మం తెలిస్తే సగం మేనేజ్‌మెంటు వచ్చేసినట్టే.

ఉదాహరణ లేనిదే శాస్త్రం ఒంటబట్టదు కాబట్టి నేను చేసిన ఒక ప్రాజెక్టే చెప్తాను. 2023, సంక్రాంతి వెళ్లిన వారం. మూడు చీరల షాపులున్న ఒక యజమాని. ఆయనకి సరుకు లెక్కా బిల్లింగూ ఒకేచోట కనబడే సాఫ్ట్‌వేర్ కావాలి. మా సేల్స్ హెడ్డు షాపుకి వెళ్లి, తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుకు కూర్చుని, బాదం పాలు తాగాడు.

"ఎప్పటికిస్తారు?" అన్నారు యజమాని.

"మీకెప్పటికి కావాలి సార్?"

"ఆషాఢం సేల్ లోపల."

"అయిపోయిందనుకోండి."

ఇలా పుట్టింది జూన్ 1 అనే తేదీ. ఆ సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో, ఎన్ని స్క్రీన్లుండాలో, ఎంతమంది చేయాలో అప్పటికి బాదం పాలకీ తెలీదు, మా వాడికీ తెలీదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు ఎగతాళిగా అన్నారు గానీ, సోమలింగానికి అప్పటికే బారసాల ఫొటోలు కూడా తీసేసి కంపెనీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం జరిగింది.

తర్వాతది అవసరాల సేకరణ. అంటే పని తెలిసినవాణ్ణి తప్ప అందర్నీ అడగడం. మా ఆఫీసు ఏసీ గదిలో పదకొండు మీటింగులు పెట్టాం. యజమాని గారబ్బాయి వచ్చేవాడు, ఎంబీఏ చదివిన కుర్రాడు, మంచివాడు. కౌంటరు మీద ముప్పై ఒక్కేళ్లుగా కూర్చుంటున్న గుమాస్తా గారు మాత్రం ఒక్కసారీ రాలేదు. ఆయన వస్తే షాపు ఎవరు చూస్తారు? నేనే ఓ రోజు షాపుకి వెళ్తే టీ తెప్పించి పక్కన కూర్చోబెట్టుకున్నారు. చీర చీటీ మీద ధర కింద సన్నగా మూడు అక్షరాలున్నాయి. ఇవేంటండీ అంటే నవ్వి, అది కొన్న ధర బాబూ, పది అక్షరాల మాట ఒకటి పెట్టుకుంటాం, ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె, ఎంత వరకు దిగచ్చో మాకు తెలియాలిగా, బేరమాడే ఆవిడకి తెలియకూడదుగా అన్నారు. ఆ కళ్లజోడు వెనక ఒక డేటాబేసు ఉంది. జాకెట్టు ముక్క కత్తిరించాక చీర వెనక్కి తీసుకోరాదు, కానీ ఫలానా వీధి డాక్టరమ్మ గారు తెస్తే తీసుకోవాలి. యజమాని వదినగారు పట్టుకెళ్లినవి అమ్మకంలో రాయకూడదు, సరుకులోనూ ఉంచకూడదు. బిల్లు 4,860 అయితే నోటితో చెప్పేది 4,860, పుచ్చుకునేది 4,800.

ఇవన్నీ నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆఫీసుకొచ్చాక మా ఆర్కిటెక్టు, అంటే సాఫ్ట్‌వేర్‌కి ప్లాను గీసేవాడు, చూసి "ఇవి ఎక్సెప్షన్లు, మనం మెయిన్ ఫ్లో చూద్దాం" అన్నాడు. గుమాస్తా గారి వ్యాపారంలో మెయిన్ ఫ్లో అనేదే లేదని ఆయనకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. పైగా తేదీ ఉంది.

మొత్తానికి 84 పేజీల పత్రం తయారయింది. యజమాని దాన్ని రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, దీపావళికి పద్దు పుస్తకాలకి పెట్టినట్టు నాలుగు మూలలా పసుపు రాసి, తెరవకుండానే సంతకం పెట్టారు. నలభై ఒకటో పేజీలో ఒక వాక్యం ఉంది: "తగ్గింపు ఏదైనా యజమాని ఫోనుకి వెళ్లే ఓటీపీతో ఆమోదం పొందవలెను." ఆ వాక్యాన్ని గుర్తుంచుకోండి.

ఇక ప్రణాళిక. నూరేళ్ల కిందట హెన్రీ గాంట్ అనే అమెరికన్ ఇంజినీరు ప్రచారంలోకి తెచ్చిన పట్టీల బొమ్మ ఒకటుంది, గాంట్ చార్టు. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ఎడమ నుంచి కుడికి గీస్తారు. నేను కుడి నుంచి ఎడమకి గీస్తాను. జూన్ 1 దగ్గర మేకు కొట్టి అక్కణ్ణుంచి ఫిబ్రవరి వైపు పట్టీలు లాక్కుంటూ రావడమే. రెండు వారాల పని ఎనిమిది రోజుల్లో ఇరకదేమో అనిపిస్తే ఆ పట్టీని కాస్త నొక్కాలి. ఎక్సెల్లో ఏదైనా ఇరుకుతుంది. అలా నొక్కుతూ పోగా టెస్టింగుకి నాలుగు రోజులు మిగిలాయి. అందులో ఒకటి శనివారం, ఒకటి ఆదివారం.

అమలు దశ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ దశలో పని జరుగుతుంది, కాబట్టి మేనేజర్లకి అందులో ప్రవేశం ఉండదు.

పర్యవేక్షణే మా అసలు విద్య. 2001 ఫిబ్రవరిలో యూటా మంచుకొండల్లో పదిహేడు మంది కూర్చుని, పత్రాలకన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్ ముఖ్యమని ఎజైల్ అనే పేరుతో ఒక ప్రకటన రాశారు. దాని పేరు చెప్పుకుని మేమూ రోజూ పొద్దున్నే పావుగంట నిలబడి మాట్లాడుకుంటాం. పావుగంట ముప్పావుగంటయ్యేసరికి కుర్చీలొచ్చాయి, కుర్చీలొచ్చాక ఇడ్లీలొచ్చాయి. ఆ ఇడ్లీ సభలో రోజూ ఒక అంకె చెప్పాలి, ఎంత శాతం అయిందని. ఏప్రిల్ ఆఖరుకి తొంభై శాతం అయింది. మే ఆఖరుకి తొంభై. జూన్ ఆఖరుకీ తొంభై. ధ్రువ నక్షత్రానికి కూడా అంత నిలకడ ఉండదు.

జూన్ 1 మామూలుగానే వచ్చి మామూలుగానే వెళ్లిపోయింది. ఆ వారం మా పెద్దలు ఆలోచించి మరో ఆరుగురిని టీములో వేశారు, అందరూ కాలేజీ నుంచి అప్పుడే దిగినవాళ్లు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని ఐబీఎంలో పనిచేసిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాసిపెట్టారు. మా పెద్దలకి అది తెలియక కాదు. దాదాపు యాభై ఏళ్ల నాటి సూత్రం మాదాపూర్ వాతావరణానికి పనిచేస్తుందో లేదో మళ్లీ పరీక్షించి చూడాలని వారి శాస్త్రీయ దృష్టి. పనిచేసింది. పని తెలిసిన ఇద్దరూ ఆ నెలంతా కొత్తవాళ్లకి పాస్‌వర్డులిప్పించడంలోనే గడిపారు.

ఆలస్యం గురించి యజమానికి చెప్పాల్సింది నేనే. ఇలాంటి సందర్భాల కోసం నా దగ్గర ఒక స్లైడు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, సిడ్నీ ఒపెరా హౌస్‌ది. 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లతో 1963కల్లా అయిపోవాల్సింది, 10 కోట్ల 20 లక్షల డాలర్లు మింగి 1973లో అయింది, ఇవాళ ప్రపంచమంతా వెళ్లి చూసొస్తోంది అని గంభీరంగా వివరించాను. యజమాని శ్రద్ధగా విని, "అక్కడ ఆషాఢం సేల్ లేదుగా" అన్నారు.

కొత్త తేదీ కావాలి. మా కుర్రాడొకడు లెక్కేశాడు. ఆషాఢం జులై 17తో ఆఖరు, తర్వాత శ్రావణం, మొదటి శ్రావణ శుక్రవారం జులై 21. శుక్రవారం సాయంత్రం కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించకూడదన్నది మా కులాచారం. శనివారం అది పడిపోతే లేపడానికి మనిషి దొరకడు. అయినా క్లయింటు సెంటిమెంటు కదా అని ఒప్పుకున్నాం. జులై 14న చూస్తే తొంభై శాతమే. నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. పదిహేనో తారీకు పొద్దున్నే యజమాని ఫోను: "మీరు పెట్టిన శుక్రవారం అధిక శ్రావణంలోది సార్. పనికిరాదు. నిజ శ్రావణం రానీయండి."

నేను వెంటనే గుమాస్తా గారికి ఫోన్ చేశాను. ఆయన తాపీగా చెప్పారు. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే, ఏటా పదకొండు రోజులు వెనకబడుతుంది, ఆ లోటు పూడ్చడానికి రెండున్నర మూడేళ్లకోసారి ఒక నెల ఎక్కువొస్తుంది, ఈసారి అది శ్రావణానికి వచ్చింది, ఉగాది నాడే గుళ్లో చదివారు, మీవాళ్లెవరూ వెళ్లలేదా బాబూ? వెళ్లలేదు. మేం ఆ రోజు గాంట్ చార్టుకి రంగులేస్తున్నాం.

ఏ మేనేజరూ, ఏ క్లయింటూ, ఏ దేవుడూ ఇవ్వని నాలుగు వారాల గడువు పంచాంగం ఇచ్చింది. వారపు నివేదికలో మేం రాసింది ఇది: "క్లయింటు కోరిక మేరకు విడుదల వాయిదా వేయబడినది." మా వైపు నుంచి అంతా సిద్ధంగానే ఉన్నట్టు దాని అర్థం. అబద్ధం ఒక్క అక్షరం లేదు.

ఆగస్టు 18, నిజ శ్రావణంలో మొదటి శుక్రవారం. మరుసటి శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. పదకొండు గంటలకే షాపులో చెప్పులు విడిచే చోటు లేదు. కంప్యూటరుకి బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, నీళ్లు కీబోర్డు మీద పడకుండా నేను చేతులడ్డం పెట్టాను. మొదటి బిల్లు ఒక పెద్దావిడది, గద్వాల చీర, 8,640.

"ఎనిమిదిన్నర చేసుకోవయ్యా," అన్నదావిడ.

కౌంటరు కుర్రాడు తగ్గింపు బటన్ నొక్కాడు. స్క్రీను మీద చక్రం తిరిగింది: "యజమానికి ఓటీపీ పంపబడినది." యజమాని ఎక్కడున్నారు? కొత్త సాఫ్ట్‌వేర్ సలక్షణంగా నడవాలని మొక్కుకోవడానికి తిరుమల వెళ్లారు. క్యూలో ఉన్నారు. గుడిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కాబట్టి ఓటీపీ వచ్చిన ఫోను డిపాజిట్ కౌంటరులో ఉంది, దాని రసీదు ఆయన జేబులో ఉంది. అబ్బాయి నంబరుకి పంపిద్దామంటే ఆ సదుపాయం ఫేజ్ టూలో ఉంది. చక్రం తిరుగుతోంది. వెనక ఇరవై మంది ఆడవాళ్లు. ఒకావిడ చంటిపిల్లాణ్ణి కౌంటరు మీద కూర్చోబెట్టింది. వాడు బార్‌కోడ్ గన్ను నోట్లో పెట్టుకున్నాడు. పెద్దావిడ నా వైపు తిరిగి, "నూట నలభై కోసం ఇంత యాగీ ఏమిటయ్యా?" అంది. నలభై ఒకటో పేజీ ఆవిడకెలా చెప్పను?

అప్పుడు గుమాస్తా గారు లేచారు. కింది సొరుగు లాగి బిల్లు బుక్కు తీశారు. కార్బన్ కాగితాన్ని ఒకసారి విదిలించి, నీలం వైపు కిందికి పెట్టి, చెవి మీద పెన్సిలు అందుకున్నారు.

"ఎనిమిది వేల అయిదొందలమ్మా. మీరు కాబట్టి."

నలభై నిమిషాల్లో లైను ఖాళీ అయింది. రాత్రి షట్టరు సగం దించాక ఆయన కంప్యూటరు ముందు కూర్చుని, కుడిచేతి చూపుడువేలితో ఆ బిల్లులన్నీ ఒక్కొక్కటీ సిస్టమ్‌లోకి ఎక్కించారు. ఓటీపీల సంగతంటారా, స్వామివారి దయవల్ల అప్పటికి ఫోను యజమాని చేతికొచ్చింది. కొండ దిగొచ్చాక ఆయన ఆ సిమ్ముని ఒక బటన్ ఫోనులో వేసి, రబ్బరు బ్యాండు కట్టి, కౌంటరు పక్క మేకుకి తగిలించారు. మా భద్రతా విభాగం రూపొందించిన రెండంచెల ధ్రువీకరణ ఇప్పటికీ అక్కడే వేలాడుతోంది.

ఆ తర్వాత కూడా రద్దీ రోజున బిల్లు బుక్కే, రాత్రికి చూపుడువేలే. మా డ్యాష్‌బోర్డులో మాత్రం నూటికి నూరు శాతం బిల్లులు సిస్టమ్ ద్వారానే. గ్రాఫు ఆకుపచ్చగా వరిచేనులా ఉంటుంది. అన్ని బిల్లులూ రాత్రి తొమ్మిదీ పదకొండూ మధ్యే ఎందుకు పడుతున్నాయని ఎవరూ అడగలేదు. రాత్రిపూట అమ్మకాలు బాగున్నాయని మా అనలిటిక్స్ వాళ్లు ఒక రిపోర్టు కూడా ఇచ్చారు.

ముగింపు దశలో సన్మానాలు. సకాలంలో పూర్తి చేసినందుకు సేల్స్ హెడ్డుకి జ్ఞాపిక. ఆ ఆరుగురికీ టీషర్టులు. నేర్చుకున్న పాఠాలు అని ఒక పత్రం రాయాలి, నేను అంతకుముందు ప్రాజెక్టుది తీసి పేరు మార్చి పెట్టాను. అది దానికి ముందు ప్రాజెక్టుది.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, ఆ యజమాని నాలుగో షాపు తెరుస్తున్నారు, ఫేజ్ టూ వచ్చింది. కబురు నా దాకా వచ్చేసరికి తేదీ ఇచ్చేయడం అయిపోయింది: 2026, ఆషాఢం లోపల. ఈసారి నేనూ అనుభవం గడించానుగా, చార్టు తెరిచేముందే గుమాస్తా గారికి ఫోన్ చేశాను.

"అధిక జ్యేష్ఠం ఉంది బాబూ. ఆషాఢం వెనక్కి జరుగుతుంది. మీకు నెల కలిసొచ్చినట్టే."

జ్యేష్ఠం దగ్గర ముప్పై రోజుల పట్టీ ఒకటి గీసి, దానికి రిస్క్ బఫర్ అని పేరు పెట్టి, మా పెద్దలకి పంపాను. ముందుచూపంటే ఇదీ అని మెచ్చుకున్నారు. ఫోను పెట్టేసేముందు గుమాస్తా గారు ఇంకోటి అడిగారు.

"కొత్త షాపుకి బిల్లు బుక్కులు ఎన్ని అచ్చు వేయించమంటారు?"

"ఒక ఇరవై వేయించండి," అన్నాను.