జేసన్‌కు ‘సదరు’ సౌకర్యం: ఒక సవరణ ప్రతిపాదన

డేటాను అక్షరాల్లో రాసే జేసన్ (JSON) అనే ఫార్మాట్‌లో ఒకసారి రాసిన విషయాన్ని అదే ఫైల్లో మరోచోట ప్రస్తావించాలంటే మొత్తం తిరిగి రాయడం తప్ప దారి లేదు. మన దస్తావేజు లేఖరులు ఆస్తికి నాలుగు హద్దులూ ఒక్కసారి రాసి, మిగిలిన పేజీలన్నీ ‘సదరు ఆస్తి’ అంటూ నడిపించేస్తారు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తరతరాలుగా చెల్లుబాటవుతున్న ఈ హక్కు, ప్రపంచంలోని సర్వర్లు పరస్పరం మాట్లాడుకునే ఫార్మాట్‌కు లేకపోవడం క్షంతవ్యం కాదు. ఆబ్జెక్ట్ (‘కీ’ అనే పేరు, దాని విలువ జతలుగా ఉండేది), అరే (వరుస జాబితా), స్ట్రింగ్ (అక్షరాలు), సంఖ్య, ఒప్పు–తప్పు, నల్ (శూన్యం) అనే ఆరు రకాల విలువలతో జేసన్ రూపకర్త డగ్లస్ క్రాక్‌ఫర్డ్ సరిపెట్టిన ఈ పేదింటికి ఏడవదిగా, అదే ఫైల్లో మరోచోట ఉన్నదాన్ని చూపించే అంతర్గత రిఫరెన్సును మంజూరు చేయాలని సవినయంగా కోరుతున్నాను.

అన్యాయం ఎంతటిదో తెలియాలంటే కుటుంబ వివరాల పట్టిక ఒకటి చాలు. భర్త రికార్డులో భార్య, భార్య రికార్డులో భర్త ఉండటం లోకసహజం. ఆ జంటను జేసన్‌గా మార్చమని జావాస్క్రిప్ట్ భాషను అడిగితే ‘సర్క్యులర్ స్ట్రక్చర్’ (చుట్టు తిరిగి మొదటికే వచ్చే నిర్మాణం) అని టైప్ ఎర్రర్ విసిరి కూర్చుంటుంది. ఎవరికి వారుగా వస్తే మాత్రం ఇద్దరికీ సాదర స్వాగతమే.

ఈ లోటు ఇదివరకెవరికీ తట్టలేదని కాదు, తట్టిన ప్రతివారూ తీర్చేశారు. క్రాక్‌ఫర్డే ‘సైకిల్’ అనే చిన్న లైబ్రరీ రాసి, ‘డాలర్ రెఫ్’ ($ref) అనే కీలో అసలు వస్తువు ఉన్న చోటికి దారి పెట్టారు. మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక అయిన డాట్‌నెట్ వారు ప్రతి ఆబ్జెక్టుకూ ‘డాలర్ ఐడీ’ కింద ఒక నంబరు కేటాయించి, డాలర్ రెఫ్‌లో దారికి బదులు ఆ నంబరు వేశారు. జేసన్ ఫైలు ఎలా ఉండాలో వర్ణించే జేసన్ స్కీమా వారు అదే కీలో యూఆర్‌ఐ (వెబ్ చిరునామా వంటిది) ఉంచారు. పేరు ఒకటే, అర్థాలు మూడు. ఇంతకన్నా ఏకాభిప్రాయం మన రంగంలో ఆశించడం అత్యాశ.

దారిని ఎలా రాయాలో 2013 ఏప్రిల్‌లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 6901 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం నిర్దేశించింది. దాని పేరు జేసన్ పాయింటర్. కీలను స్లాష్‌తో విడదీయాలి. కీలోనే స్లాష్ ఉంటే ‘టిల్డా ఒకటి’ (~1) అని, టిల్డా ఉంటే ‘టిల్డా సున్నా’ అని రాయాలి. ప్రోగ్రాములు ఒకదాన్నొకటి పిలిచే మార్గమైన ఏపీఐ వివరాల ఫైళ్లలో కీలే స్లాష్‌లతో మొదలవుతాయి కనుక, యూజర్ల చిరునామాను చూపించాలంటే ‘హ్యాష్ స్లాష్ పాత్స్ స్లాష్ టిల్డా ఒకటి యూజర్స్’ అని జపించాలి. ఫోన్‌లో అవతలివారికి దీన్ని ఒక్కసారిలో అర్థమయ్యేలా చెప్పగలిగినవారికి పద్మ పురస్కారం ఇచ్చినా తప్పులేదు.

అరేల విషయంలో పాయింటర్ సున్నా నుంచి వరుస సంఖ్యతో లెక్కిస్తుంది. సరుకుల జాబితాలో ‘రెండు’ అంటే మూడవ వస్తువు, అంటే కందిపప్పు. తగ్గింపు ధర దానికే వర్తిస్తుందని కింద రిఫరెన్సు ఇచ్చాం. ఎవరో జాబితా పైన ఉప్పు ప్యాకెట్ చేర్చారు. ఫైలు చెడలేదు, దాన్ని చదివే పార్సర్ అరవలేదు, తగ్గింపు మాత్రం నిశ్శబ్దంగా రెండవ స్థానం నుంచి జరిగొచ్చిన సబ్బుకు వెళ్లిపోయింది. కొనేవారికి కొత్తదనం ఉండాలి కనుక దీనిని లోపంగా పరిగణించనక్కర లేదు.

బిల్లు చిరునామా, డెలివరీ చిరునామా ఒకటే అయినప్పుడు రెండవదాన్ని మొదటిదానికి చూపిస్తే నాలుగు లైన్లు ఆదా. వినియోగదారుడు డెలివరీని ఆఫీసుకు మార్చుకున్నప్పుడు, రెండూ ఒకే ఆబ్జెక్టు కనుక బిల్లు కూడా ఆయన వెంటే ఆఫీసుకు వెళుతుంది. అది నకలా, అదే వస్తువా అన్న ప్రశ్న నాలుగు లైన్లు రెండుసార్లు రాసిన రోజుల్లో అసలు పుట్టేదే కాదు. అటువంటి లోతైన తాత్త్విక చర్చకు ఇంతకాలం తావివ్వకపోవడం జేసన్ చేసిన మరో ద్రోహం.

పొదుపు సంగతికి వస్తే, డేటా రాసే మరో ఫార్మాట్ ఎక్స్‌ఎంఎల్ అనుభవం ఉత్తేజకరం. పది ఎంటిటీలు (వేరే పాఠానికి పెట్టిన పొట్టి పేర్లు) నిర్వచించి, ప్రతిదానిలో ముందుదాన్ని పదేసిసార్లు ప్రస్తావిస్తే, ఒక కిలోబైటు కూడా లేని ఫైలు విప్పేసరికి వంద కోట్ల పదాలై దాదాపు మూడు గిగాబైట్ల మెమరీని ఆక్రమిస్తుంది. ‘బిలియన్ లాఫ్స్’ అని పేరుపొందిన ఈ దాడి వంటిదే 2019లో, యామల్ అనే ఇంకో ఫార్మాట్‌లోని అలియాస్‌ల (మారుపేర్ల) రూపంలో, సర్వర్లపై ప్రోగ్రాములను నడిపించే కుబర్నెటీస్ వారి ఏపీఐ సర్వర్‌నూ పలకరించింది. ఇంతటి కుదింపు నిష్పత్తిని జిప్ ఫైళ్లకే వదిలేయడం న్యాయం కాదు.

ఒక చిక్కును మాత్రం ఒప్పుకోవాలి. ఎవరి అసలు డేటాలోనైనా ‘డాలర్ రెఫ్’ అనే కీ ఉంటే, అది సమాచారమో, పార్సర్‌కు ఇచ్చిన ఆజ్ఞో చెప్పేదెవరు? పూర్వం కొందరు కామెంట్లలో పార్సర్‌కు ఆజ్ఞలు రాస్తున్నారని గమనించే క్రాక్‌ఫర్డ్ కామెంట్లనే తీసేశారు. మేము ఆ పొరపాటు చేయం, ఆజ్ఞలను నేరుగా డేటాలోనే పెడతాం.

అమలు విధానానికి చక్కటి పూర్వోదాహరణ ఉంది. జేసన్ రిఫరెన్స్ అనే ముసాయిదా 2012 సెప్టెంబరులో చివరిగా సవరణకు నోచుకుని, ఆర్‌ఎఫ్‌సీ కాకుండానే 2013 మార్చిలో గడువు తీరిపోయింది. ఏపీఐలను వర్ణించే ప్రమాణంగా 2017లో వెలువడిన ఓపెన్‌ఏపీఐ 3.0 తన రిఫరెన్సులకు నిర్వచనం కోసం ఆ గడువు తీరిన కాగితానికే రిఫరెన్సు ఇచ్చింది. కనుక మా ప్రతిపాదనను కూడా ముసాయిదాగా దాఖలు చేసి, ఆరు నెలల్లో అది చెల్లకుండా పోయేవరకు ఓపిక పట్టి, ఆ మరునాటి నుంచి దేశవ్యాప్తంగా అమలులోకి తెస్తాం.