సబ్బుబిళ్లను బోనెక్కించండి

పోలీసు స్టేషన్లోనో జైల్లోనో ఎవరైనా చనిపోతే చాలు, మానవ హక్కుల వాళ్లు సర్కారు మీద విరుచుకుపడతారు. ఇది చాలా అన్యాయం. ఇన్నేళ్లుగా, ఇన్ని దేశాల ప్రభుత్వాలు ఇచ్చుకున్న సంజాయిషీలను ఒక్కసారి ఓపిగ్గా చదివితే అసలు దోషులెవరో చిన్నపిల్లాడికైనా తెలిసిపోతుంది. సబ్బు. మెట్లు. గోడ. కిటికీ. పాపం అధికారులు ప్రతిసారీ వీటి పేర్లు విడమరిచి చెబుతూనే ఉన్నారు. అయినా ఇంతవరకు ఒక్క సబ్బుబిళ్ల మీద కూడా ఎఫ్ఐఆర్ కట్టిన పాపాన పోలేదు.

ఈ శాస్త్రానికి ఆద్యులు వర్ణవివక్ష కాలం నాటి దక్షిణాఫ్రికా పోలీసుల రాజకీయ నిఘా విభాగం, సెక్యూరిటీ బ్రాంచి వాళ్లు. వాళ్ల చేతికి చిక్కినవాళ్లకు ఎందుకో కాళ్లు నేల మీద నిలిచేవి కావు. 1969లో ఒకాయన సబ్బు మీద కాలేసి జారి చనిపోయాడు. అదే ఏడాది కేప్‌టౌన్‌లో ఇమామ్ అబ్దుల్లా హరూన్ మెట్ల మీద నుంచి పడ్డారు. 1971లో జోహానెస్‌బర్గ్‌లోని జాన్ వోర్‌స్టర్ స్క్వేర్ పోలీసు భవనం పదో అంతస్తు నుంచి వర్ణవివక్ష వ్యతిరేక కార్యకర్త అహ్మద్ తిమోల్ దూకేశారు. 1977లో నల్లజాతి నాయకుడు స్టీవ్ బీకో విషయంలో కాస్త తడబాటు జరిగింది. నిరాహార దీక్ష వల్ల పోయాడన్నట్టు మంత్రిగారు మొదట చెప్పారు. తర్వాత పెనుగులాటలో తలకు దెబ్బ తగిలిందన్నారు. తలకు దెబ్బ తగిలిన ఆ మనిషిని ఒంటి మీద బట్టల్లేకుండా, సంకెళ్లు వేసి, ల్యాండ్‌రోవర్ వెనక పడుకోబెట్టి వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయించి ప్రిటోరియాకు చేర్చారు. మెరుగైన వైద్యం కోసం. అప్పటి విచారణలన్నీ ఎవరి తప్పూ లేదనే తేల్చాయి. సబ్బు తప్పు కూడా లేదట. అక్కడే నాకు అభ్యంతరం.

ఇటలీ వాళ్లది ఇంకా సున్నితమైన పద్ధతి. 1969 డిసెంబరులో మిలాన్‌లో ఒక బ్యాంకులో బాంబు పేలింది. పోలీసులు జుసెప్పే పినెల్లి అనే రైల్వే ఉద్యోగిని, రాజకీయంగా అరాచకవాదిని, ప్రశ్నించడానికి తీసుకెళ్లారు. చట్టం ఇచ్చిన గడువు దాటిపోయినా ప్రశ్నలు అయిపోలేదు. మూడో రోజు రాత్రి ఆయన నాలుగో అంతస్తు కిటికీలోంచి కింద పడ్డాడు. ఆత్మహత్య అన్నారు పోలీసులు. హత్య అన్నారు జనం. 1975లో న్యాయమూర్తి ఇద్దరి మాటా కాదని, అది ‘చురుకైన అస్వస్థత’ అని తేల్చారు. మామూలు అస్వస్థత వస్తే మనిషి ఉన్నచోటే కూలబడతాడు. చురుకైన అస్వస్థత అలా కాదు, దానికి హుషారెక్కువ. మనిషిని తూలిస్తుంది, కిటికీ దగ్గరికి చేరుస్తుంది, అడ్డంగా ఉన్న కమ్మీ దాటిస్తుంది. గదిలో ఉన్న పోలీసులకు మాత్రం ఆ జబ్బు అంటుకోలేదు. అంటువ్యాధి కాకపోవడం అదృష్టం.

అమెరికాలో వైద్యశాస్త్రం ఇంకో అడుగు ముందుకేసింది. ఒక మనిషిని నలుగురు కలిసి నేలకు అదిమి పట్టినప్పుడు ఊపిరి ఆగిపోతే, కారణం అదిమి పట్టడమని అనుకోవడం పామరుల లక్షణం. ‘ఉద్రేక ఉన్మాదం’ అని అక్కడ ఒక రోగం ఉండేది. పోలీసుల చేతుల్లో ఉన్నప్పుడే అది ఎక్కువగా ముదిరి ప్రాణం మీదికి వచ్చేది. చాలా ఏళ్లు మరణ ధ్రువపత్రాల్లో వెలిగింది. 2023లో అత్యవసర వైద్యుల సంఘం, శవపరీక్ష వైద్యుల సంఘం రెండూ ఇది అసలు రోగమే కాదని చేతులు దులుపుకున్నాయి. కాలిఫోర్నియా అయితే దాన్ని మరణ కారణంగా రాయకూడదని చట్టమే చేసింది. మశూచి తర్వాత ఇంత పూర్తిగా నిర్మూలించిన జబ్బు ఇంకోటి నాకు తట్టడం లేదు.

మన దేశంలో ఇంత కల్పనాశక్తి ఖర్చు పెట్టరు. మనకు నాలుగు వాక్యాలు చాలు. ‘విచారణ నిమిత్తం స్టేషన్‌కు పిలిపించాం. తెల్లవారుజామున ఛాతీలో నొప్పి అన్నాడు. హుటాహుటిన ఆసుపత్రికి తరలించాం. మార్గమధ్యంలో మృతి చెందాడు.’

ఈ నాలుగు వాక్యాల నిర్మాణ కౌశలాన్ని మనవాళ్లు సరిగ్గా గుర్తించలేదని నా బాధ. ‘పిలిపించాం’ అన్నారు కదా, అంటే అరెస్టు చేయలేదు. అరెస్టు లేనప్పుడు అరెస్టు కాగితం ఎందుకుంటుంది? ఇంట్లోవాళ్లకు కబురెందుకు పెడతారు? ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందు ఎవర్ని నిలబెడతారు? ఇక ‘తెల్లవారుజామున’. ఆ వేళ సాక్షులెవరూ ఉండరని కాదు, పాపం గుండెకు ఆ వేళే వీలవుతుంది. ‘హుటాహుటిన’ అనే మాట మన పోలీసు శాఖ ఈ ఒక్క సందర్భానికే దాచిపెట్టుకుంది. ఫిర్యాదు ఇవ్వడానికి పోయిన ఎవరి మీదా దాన్ని ప్రయోగించిన దాఖలా లేదు. అన్నిటికీ మించినది ‘మార్గమధ్యం’. స్టేషన్లో కాదు, ఆసుపత్రిలో కాదు. ఇటు పోలీసులూ, అటు డాక్టర్లూ జవాబు చెప్పక్కర్లేని చోటు. అక్కడ పోయినవాళ్ల సంఖ్య చూస్తే మార్గమధ్యంలోనే ఒక పెద్దాసుపత్రి కట్టించాల్సింది.

తర్వాత కుటుంబం వస్తుంది. గుండెపోటయితే అరికాళ్లు ఎందుకు కమిలిపోయాయని, వీపు మీద ఆ చారలేమిటని అడుగుతుంది. వాళ్లకు వైద్య పరిజ్ఞానం ఉండదు కదా. సాయంత్రానికల్లా పోయినవాడి మీద పాత కేసులు బయటికొస్తాయి. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. లాకప్పులో చచ్చినవాడికి మాత్రం పెరిగేది నేరచరిత్ర.

సుప్రీంకోర్టు ఊరుకుంటుందా! 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో పదకొండు సూత్రాలు రాసిచ్చింది. అరెస్టు చేసేవాళ్లు పేరు కనిపించేలా బ్యాడ్జీ పెట్టుకోవాలి. ఒంటి మీద దెబ్బలుంటే అప్పుడే రాసి, ఆ కాగితం మీద అధికారీ, అరెస్టయినవాడూ ఇద్దరూ సంతకం పెట్టాలి. కస్టడీలో ఉన్నన్నాళ్లూ ప్రతి 48 గంటలకూ డాక్టరు చూడాలి. ఇవి ప్రతి స్టేషన్లో గోడకు అంటించాలని కూడా చెప్పింది. గోడలు మాత్రం తమ వంతు పని చేశాయి.

2020లో కోర్టు మరో మెట్టెక్కి, ప్రతి స్టేషన్లో లాకప్పులతో సహా సీసీ కెమెరాలు పెట్టమంది. మాట వినిపించాలి, చీకట్లోనూ కనిపించాలి, రికార్డింగు పద్దెనిమిది నెలలు దాచాలి అంది. యంత్రానికి మనసుంటుందని కోర్టు ఊహించలేదు. మన స్టేషన్ కెమెరా పగలంతా ఖాళీ వరండాను కన్నార్పకుండా చూస్తుంది. లోపల ఎవరికో నొప్పి మొదలయ్యేసరికి తట్టుకోలేక కళ్లు మూసుకుంటుంది. మర్నాడు అడిగితే హార్డ్ డిస్క్ పాడైంది అంటారు, లేదంటే కరెంటు పోయింది అంటారు. 2025లో సుప్రీంకోర్టు ఈ కెమెరాల ఆరోగ్యం గురించి తనంతట తానే మళ్లీ కేసు నడపాల్సి వచ్చింది. నన్నడిగితే నేరం కెమెరా బిగించిన టెక్నీషియన్‌ది. కెమెరా మరీ బాగా పనిచేస్తే ఏం చేయాలో అమెరికా సీఐఏ 2005లోనే చూపించింది. నిర్బంధితుల విచారణ దృశ్యాలున్న 92 టేపుల్ని నాశనం చేసేసింది. చోటు ఆదా.

ఇంత జరిగినా కొందరు తల్లులు మానవ హక్కుల కమిషన్‌కు అర్జీ పెడతారు. పెట్టనివ్వండి, ప్రజాస్వామ్యం. ఆ అర్జీ ప్రయాణం మాత్రం చూసి తీరాల్సిందే. కమిషన్ దాన్ని తీవ్రంగా పరిగణించి రాష్ట్రం నుంచి నివేదిక కోరుతుంది. రాష్ట్రం జిల్లాను కోరుతుంది. జిల్లా సబ్‌డివిజన్‌ను కోరుతుంది. చివరికి ఆ కాగితం ఎక్కడి నుంచి బయల్దేరిందో అక్కడికే, అదే స్టేషన్ మెట్ల దాకా వచ్చి నిలబడుతుంది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకంటే ఆ రాత్రి గురించి ఎక్కువ తెలిసినవాళ్లెవరు? వాళ్లు నిష్పాక్షికంగా ఆలోచించి ‘ఆరోపణలు నిరాధారం’ అని రాసి పంపుతారు. ఆ ముక్క అన్ని ముద్రలూ వేయించుకుంటూ పైదాకా వెళ్లి, అక్కడి నుంచి తల్లి చేతికొస్తుంది. దీనిపై మీ అభిప్రాయం గడువులోగా తెలపండి అని. ఆమె తెలపకపోతే, చెప్పుకోవడానికేమీ లేదని ఫైలు మూతపడుతుంది.

కమిషన్‌కు సొంత దర్యాప్తు విభాగం లేదా అంటే ఉంది. డీజీపీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి దాన్ని నడపాలని 1993 నాటి చట్టమే చెబుతోంది. పోలీసుల మీద ఫిర్యాదును పోలీసులే విచారించడమేమిటని 2023లో, దేశదేశాల మానవ హక్కుల కమిషన్లకు గ్రేడులిచ్చే అంతర్జాతీయ కూటమి ముఖం చిట్లించి, మన కమిషన్‌కు ఇవ్వాల్సిన గ్రేడును వాయిదా వేసింది. విదేశీయులకు మన కుటుంబ వ్యవస్థ అర్థం కాదు. ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ ఆ ఫిర్యాదును ముట్టుకోకూడదు. భయంతో నోరు మెదపని కుటుంబానికి ధైర్యం వచ్చేలోపు క్యాలెండరు పని పూర్తి చేస్తుంది. అన్నీ దాటుకుని తప్పు జరిగిందనే తేలినా, కమిషన్ సిఫారసు చేస్తుంది. పరిహారం ఇవ్వమని, చర్య తీసుకోమని. పరిహారం ఖజానాలోంచి వస్తుంది, అంటే ఆ తల్లి కట్టిన పన్ను కూడా అందులో ఉంటుంది. చర్య విషయం పరిశీలనలో ఉంటుంది.

కాసేపు తిక్కప్రశ్న ఒకటి వేసుకుందాం. తాళం వేసిన గది. లోపలికి నడిచి వెళ్లిన మనిషి శవమై వచ్చాడు. తాళంచెవి ఒకరి దగ్గరే ఉంది. ఏం జరిగిందో ఎవరు చెప్పాలి? తాళంచెవి ఉన్నవాళ్లే చెప్పాలని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 1999లో ఫ్రాన్స్‌కు మొహం మీదే చెప్పింది. ఆరోగ్యంగా తీసుకెళ్లిన మనిషి దెబ్బలతో బయటికొస్తే నమ్మదగిన వివరణ ఇచ్చే బాధ్యత రాజ్యానిదేనంది. మన లా కమిషన్ అంతకు ముందే, 1985లోనే, తన 113వ నివేదికలో ఇలాంటి మాటే చెప్పింది. కస్టడీలో గాయమైతే ఆ గాయం అధికారే చేశాడని కోర్టు భావించవచ్చని సాక్ష్య చట్టంలో ఒక సెక్షన్ చేర్చమంది. చేర్చలేదు. 2023లో బ్రిటిష్ వాళ్ల సాక్ష్య చట్టం తీసేసి కొత్త పేరుతో కొత్త చట్టం తెచ్చారు. అందులోనూ చేర్చలేదు. ఎందుకు చేరుస్తారు? రుజువు చేసే భారం చనిపోయినవాడి మీదే ఉండటంలో ఒక పద్ధతి ఉంది. అతనికి ఇప్పుడు వేరే పనులేమీ లేవు.

ఈ పద్ధతి ఎంత బాగా పనిచేస్తోందో జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలే చెబుతాయి. 2001 నుంచి 2020 దాకా పోలీసు కస్టడీలో 1,888 మరణాలు. పోలీసుల మీద కేసులు 893. ఛార్జిషీటు పడినవాళ్లు 358. శిక్ష పడినవాళ్లు 26. మిగిలిన చోట్లంతా సబ్బు ఉండి ఉంటుంది.

ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద మనం 1997 అక్టోబరులో సంతకం పెట్టాం. సంతకం అందంగా ఉంది. ధ్రువీకరణ ఇప్పటిదాకా లేదు. దానికోసం 2010లో లోక్‌సభ ఒక బిల్లు ఆమోదిస్తే, రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి పంపింది. 2014లో లోక్‌సభ గడువుతో పాటే బిల్లూ పోయింది. అదీ మార్గమధ్యంలోనే.

ఇక నా ప్రతిపాదన. మనవాళ్లు చనిపోయినవాడి మీద పాత కేసులు తవ్వుతారే తప్ప పని పూర్తి చేయరు. రష్యాను చూసి నేర్చుకోవాలి. అధికారులు భారీ పన్ను మోసానికి పాల్పడ్డారని బయటపెట్టిన సెర్గీ మాగ్నిట్‌స్కీ 2009లో మాస్కో జైల్లో, చికిత్స అందక చనిపోయాడు. ప్రభుత్వం వదల్లేదు. 2013లో ఆయన మీదే పన్ను ఎగవేత కేసు నడిపి, దోషి అని తీర్పు చెప్పించింది. నిందితుడి బోను ఖాళీ. ముద్దాయి వైపు నుంచి ఒక్క అంతరాయమూ లేని విచారణ. క్యూబాలోని గ్వాంటనామో నిర్బంధ శిబిరంలో అమెరికా సైన్యమూ ఇదే స్పష్టత చూపింది. 2006 జూన్‌లో ముగ్గురు ఖైదీలు సెల్లుల్లో చనిపోయి కనిపిస్తే, అది నిస్పృహ కాదనీ, తమ మీద చేసిన ఒకరకం యుద్ధమనీ అక్కడి కమాండర్ ప్రకటించారు. కాబట్టి మన దగ్గర కూడా మార్గమధ్యంలో మరణించిన ప్రతివాడి మీదా విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగికి ఆటంకం కలిగించాడని కేసు పెట్టవచ్చు. సెక్షన్ ఎలాగూ ఉంది.

తొందరపడి తీర్పులివ్వకూడదనే వాళ్ల కోసం చివరగా ఒక మాట. అహ్మద్ తిమోల్ కేసును దక్షిణాఫ్రికా కోర్టు తిరిగి తెరిచింది. ఆయన దూకలేదనీ, సెక్యూరిటీ బ్రాంచి వాళ్లు చంపారనీ 2017లో, అంటే 46 ఏళ్లకు, తేల్చింది. ఆ గదిలో ఉన్నానని చెప్పిన జోవో రోడ్రిగ్స్ అనే మాజీ పోలీసు మీద 2018లో హత్యానేరం మోపారు. ఆయన వెంటనే కోర్టుకెక్కాడు. ఇంత ఆలస్యంగా, ఈ వయసులో విచారణ జరపడం తన హక్కులకు భంగమని వాదించాడు. కోర్టులు రెండుసార్లు కాదన్నాయి. 2021లో, విచారణ మొదలు కాకముందే ఆయన చనిపోయాడు. అప్పటికి బెయిల్ మీద ఉన్నాడు.