ఆ ఫొటో తీసేయండి

డిసెంబర్‌లో అనంతపురంలో మన ప్రవాసుల సంఘం జరిపిన పరుగు పందెం ఫొటోలు గ్రూపులో అందరూ చూసే ఉంటారు. ఎనిమిదో తరగతి పాప ఒకతి ట్రాక్ మీద కూలబడి ఉన్న ఫొటోకి ‘పట్టుదలకు ప్రతిరూపం’ అని రాసి మన పేజీలో పెట్టారు. లైకులు కుప్పలుగా వచ్చాయి. నేనా రోజు అక్కడే ఉన్నాను కాబట్టి ఒళ్లు మండి రాస్తున్నాను.

పిల్లల్ని ఆరున్నరకల్లా రమ్మన్నాం. చుట్టుపక్కల హైస్కూళ్ల నుంచి ఆటోల్లో వచ్చేశారు. ముఖ్య అతిథి గారు తొమ్మిది దాటాక వచ్చారు. తర్వాత మామూలే, జ్యోతి ప్రజ్వలన, స్వాగత నృత్యం, శాలువాలు, మెమెంటోలు. ఈలోపు పిల్లలకు ఆకలేస్తుందని ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టారు. (ఉగ్గాని మీద నాకేం కోపం లేదు. డాలస్‌లో బొరుగులు ఎలా నానబెట్టినా ఆ రుచి రాదు.) కడుపు నిండా తిన్నవాళ్లను అరగంటలో 800 మీటర్లకు నిలబెట్టాం. మొదటి బహుమతి పదివేలు. రెండోది, మూడోది లేవు. విజిల్ ఊదగానే అందరూ వంద మీటర్ల పందెమన్నట్టు దూసుకుపోయారు, అందరికంటే ముందు ఆ పాప. మైకులో మనవాడే ఒకాయన “పరిగెత్తమ్మా, పదివేలు, పదివేలు!” అని ఒకటే అరుపు. రెండో రౌండు సగంలో కాళ్లు బిగుసుకుపోయి, తిన్నదంతా కక్కుకుని పడిపోయింది.

800 మీటర్లకు కావాల్సిన శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు మనం పీల్చే ఆక్సిజన్‌తోనే పుట్టాలి. 1500 మీటర్లకైతే ఐదింట నాలుగు వంతుల పైనే. ఊపిరి ఆ స్థాయికి అందుకోవడానికి కొంత టైం పడుతుంది. అందాకా కండరాల్లో నిల్వ ఉన్నదే ఖర్చవుతుంది. అందుకే మొదటి పాతిక, ముప్పై సెకన్లు ఎంత వేగంగా పోయినా తేలిగ్గానే ఉంటుంది. మా వైపు బోర్లు ఇంతే, మోటారు వేసిన కాసేపు లావు ధార, ఆ తర్వాత గాలి.

ఈ సంగతి మా పీఈటీ (డ్రిల్లు) సార్‌కి ఎవరు చెప్పారో తెలీదు. ధర్మవరం దగ్గర జడ్పీ హైస్కూలు మాది. గ్రౌండంటే కంపచెట్లు కొట్టేసిన బయలు, సున్నంతో గీసిన 200 మీటర్ల గీత, సార్ చేతికి హెచ్‌ఎంటీ వాచీ. రౌండు 45 సెకన్లలో రావాలి, అంటే 800 మూడు నిమిషాలకి. 41లో వచ్చినవాడిని “ఏమప్పా, కుక్క తరిమిందా?” అనేవారు. 45కి ఎవరు దగ్గరగా వస్తే వాళ్లకే పప్పుండ. ముందొచ్చినవాడికి ఏమీ లేదు. పప్పుండ కోసం మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ పరిగెత్తేవాళ్లం. కొన్నాళ్లకి ఆ లెక్క కూడా అక్కర్లేకపోయింది, కాళ్లకే తెలిసిపోయేది. చివరి రౌండులో మాత్రం “ఇంక పోండ్రా!” అని కేక వేసేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్లకి వేపబెత్తం కూడా ఉండేది. దాన్ని నేను సమర్థించను గానీ, సార్‌ని మాత్రం ఒక్క మాట అననివ్వను.

కమిటీలో ఒక అన్న నాతో వాదించాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ 800 మీటర్లలో మన శ్రీరామ్ సింగ్ మొదటి రౌండంతా ముందుండలేదా అని. ఉన్నాడు. 50.85 సెకన్లలో మొదటి 400 లాగింది ఆయనే. బంగారం, 1:43.50 ప్రపంచ రికార్డు క్యూబా వీరుడు హువాంతొరేనాకి పోయాయి, ఈయన ఏడో స్థానంలో వచ్చాడు. అయినా ఆ రోజు ఆయన పరిగెత్తిన 1:45.77 జాతీయ రికార్డుగా 2018లో జిన్సన్ జాన్సన్ దాటేదాకా నిలిచింది. కెన్యా వీరుడు రుడీషా 2012 లండన్ ఒలింపిక్స్‌లో 1:40.91 కొట్టినప్పుడూ మొదటి రౌండే వేగం, 49.28. రెండోది 51.63. కాబట్టి అన్న మాటలో నిజం లేకపోలేదు. కానీ రుడీషా రెండు రౌండ్లకీ తేడా రెండు సెకన్ల చిల్లర. పైగా అది ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్ల లెక్క, పదమూడేళ్ల పిల్లకి చెప్పేది కాదు.

ఇక్కడ డాలస్‌లో మా అమ్మాయి హైస్కూల్లో క్రాస్ కంట్రీ, అంటే ట్రాక్ మీద కాకుండా బయళ్లలో దూరపు పరుగు, పరిగెడుతుంది. వారంలో ఎక్కువ రోజులు పక్కనున్న పిల్లలతో కబుర్లు చెప్పుకోగలిగినంత నిదానంగానే పరిగెత్తిస్తాడు కోచ్. గట్టి పరుగు వారానికి ఒకటి, మహా అయితే రెండు. పందెంలో జట్టులోని మొదటి ఐదుగురి స్థానాలూ కలిపి లెక్కేస్తారు, అందుకని ఐదో పిల్లకీ చప్పట్లే. ర్యాంకుల ఫ్లెక్సీలు చూస్తూ పెరిగిన మనకి మొదటివాడు తప్ప ఎవరూ కంటికి ఆనరు. మన జిల్లాలో చాలాచోట్ల పందెం ఇంకో పదిరోజులుందనగా పిల్లల్ని పట్టుకుని రోజూ 800 పూర్తి వేగంతో పరిగెత్తిస్తారు. ఎదిగే వయసులో అలా చేస్తే మోకాలిచిప్ప కింద ఎముక బొడిపెలా లేచి నొప్పి పెడుతుంది. బెణికిందని నూనె రాసి మళ్లీ పరిగెత్తిస్తారు. దానికి కావాల్సింది పరుగు తగ్గించడం. ఆడపిల్లల సంగతి ఇంకోటి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. రక్తం తక్కువున్న పిల్ల ఆయాసపడుతుంటే బద్ధకం అని తిట్టడం ఎంత అన్యాయం!

ఇంతకీ నేను అడిగేది ఇది. ఫొటో తీసేయండి. వచ్చే డిసెంబర్‌లో పద్నాలుగేళ్ల లోపు వాళ్లకి మా సార్ పందెం పెట్టండి, ఎవరి టైం వాళ్లు ముందే చెప్పి, దానికి దగ్గరగా వచ్చినవాళ్లకి బహుమతులు, కనీసం పది మందికి. ముఖ్య అతిథి గారు రాకపోయినా చెప్పిన టైముకి విజిల్ ఊదండి, శాలువాలు తర్వాత కప్పుకోవచ్చు. ఆ పదివేలతో స్కూళ్లకి స్టాప్‌వాచీలు కొనండి, ఆడపిల్లలకి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. బడ్జెట్ రాసుకునేముందు ఆ ఊళ్లలో ఆటలు నేర్పే పీడీ సార్లకి, మేడమ్‌లకి ఫోన్ చేసి ఏం కావాలో అడగండి. నంబర్లు నేను తెచ్చిస్తాను.