400 వాట్ల ప్యానెల్‌తో వ్యాన్‌లో ఏసీ నడుస్తుందట!

వ్యాన్‌నే ఇల్లు చేసుకుని తిరగాలనుకునేవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, రీల్స్‌లోనూ అదే పాట. పైకప్పు మీద 400 వాట్ల ప్యానెల్ ఒకటి, ఇంట్లో వాడే 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క) ఇన్వర్టర్ బ్యాటరీ ఒకటి ఉంటే చాలట. ఏసీ, ఇండక్షన్ స్టవ్, ఫ్రిజ్ అన్నీ నడుస్తాయట, మబ్బు పట్టినా ఇబ్బంది లేదట, 25 ఏళ్లు పైసా ఖర్చుండదట, పైగా ప్రభుత్వం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తుందట. ఒక్కో ముక్కకీ ఎక్కడో కాస్త ఆధారం ఉంది, అందుకే జనం నమ్మేస్తున్నారు. అన్నీ కలిపి నమ్మి బండి చేయించుకుంటే మాత్రం మే నెలలో ఏ నెల్లూరు బైపాస్ పక్కనో అర్ధరాత్రి చెమటలు కక్కుతూ కూర్చోవాల్సి వస్తుంది.

ముందు ఏసీ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ పడిపోయేది దానికే. ప్యానెల్ వెనక రాసి ఉండే 400 వాట్లు ల్యాబ్‌లో లెక్క, అంటే సెల్ వేడి 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు. మన ఎండలో రేకు పైకప్పు మీద పడుకున్న ప్యానెల్ 60, 65 డిగ్రీలకు సులువుగా పోతుంది, పెరిగిన ప్రతి డిగ్రీకీ 0.35 నుంచి 0.4 శాతం వరకు తగ్గుతుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం మంచి ఎండలోనే ఏడో వంతు పోయినట్టు. దుమ్ము, వైర్లు, ఛార్జింగ్‌లో పోయేది కూడా తీసేస్తే, రోజుకు 5 గంటల పూర్తి ఎండ వచ్చే మన ప్రాంతంలో 400 వాట్ల ప్యానెల్ ఇచ్చేది సుమారు 1.4 యూనిట్లు. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ వేసవి రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే నాలుగైదు యూనిట్లు తాగుతుంది, అదీ గోడలున్న గదిలో. రేకు బండిలో ఇంకా ఎక్కువే. ఐదు యూనిట్లు కావాలంటే 1500 వాట్ల ప్యానెళ్లు పరచాలి, మారుతి ఈకో మొత్తం పొడవే 3.67 మీటర్లు, ఇక ఎక్కడ పరుస్తారు? పెద్ద ట్రావెలర్ బండి తీసుకుని, లోపల మంచి ఇన్సులేషన్ చేయించి, లక్షల్లో బ్యాటరీ పెట్టేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు కుదురుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది, రీల్స్‌లో ఎవరూ చెప్పరు. వేసవిలో బండి చల్లగా ఉండాలంటే వేపచెట్టు నీడలో ఆపాలి, ప్యానెల్ పనిచేయాలంటే ఎండలో ఆపాలి. సెల్స్ అన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక మూల కొమ్మ నీడ పడినా ఆ భాగం మొత్తం మూగబోతుంది. మారేడుమిల్లి అడవిలో మూడు రోజులు మకాం వేద్దామనుకునేవాళ్లు ఇది ముందే లెక్కేసుకోవాలి. (తెలంగాణలోనో రాయలసీమలోనో అయితే చిన్న కూలర్ పెట్టుకోండి, ఏసీలో పదో వంతు కరెంటుతో పని జరిగిపోతుంది. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో మాత్రం కూలర్ దండగ.)

ఇక "ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ చాలు" అనే మాట. 150 ఏహెచ్, 12 వోల్ట్‌లు, గుణిస్తే 1800 వాట్ అవర్లు, అంటే 1.8 యూనిట్లు, నిజమే. కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికన్నా కిందికి దించితే త్వరగా చస్తుంది, కాబట్టి చేతికొచ్చేది 0.9 యూనిట్. బరువు 50 కేజీల పైమాటే. ఇంట్లో అది ఎప్పుడో కరెంటు పోయినప్పుడు పనిచేస్తుంది, బండిలో ప్రతి రాత్రీ పనిచేయాలి, ఈ రెండూ ఒకే ఉద్యోగం అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతోంది. దాన్ని మంచం కింద పెట్టమని కొందరు ఉచిత సలహా కూడా ఇస్తున్నారు. ఛార్జ్ అయ్యేటప్పుడు ఆ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుందండీ, తలుపులు మూసుకుని దాని మీద పడుకుంటారా?

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే ఇదే 12 వోల్ట్‌ల రకంలో (అసలు లెక్క 12.8 వోల్ట్‌లు) 100 ఏహెచ్ బ్యాటరీ 1.28 యూనిట్లు పట్టి, అందులో 90 శాతం దాకా వాడుకోనిస్తుంది, బరువు 12 కేజీల అటూ ఇటూ. ఖరీదు ఎక్కువ, కానీ వేల సార్లు ఛార్జ్ చేయొచ్చు. ఒక్క జాగ్రత్త, సున్నా డిగ్రీల కింద దీన్ని ఛార్జ్ చేయకూడదు. చలికాలంలో స్పితి, లద్దాఖ్ అనుకునేవాళ్లు బ్యాటరీని బండి లోపలే వెచ్చగా ఉంచే ఏర్పాటు చూసుకోవాలి.

ఇండక్షన్ స్టవ్ మాట చెప్పేవాళ్లు వాట్లు చెబుతారు గానీ ఆంప్‌లు చెప్పరు. 1500 వాట్ల స్టవ్ నడవాలంటే 12 వోల్ట్‌ల బ్యాటరీ నుంచి దాదాపు 140 ఆంప్‌లు లాగాలి. ఇంట్లో మామూలుగా ఉండే 900 వీఏ ఇన్వర్టర్ 700 వాట్ల చిల్లర దాటి మోయదు. పెద్ద ఇన్వర్టర్ పెట్టినా బొటనవేలంత కేబుల్ కావాలి, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ కావాలి, అది లేకపోతే వైరు కరిగేదాకా ఎవరికీ తెలియదు. వంటకి 5 కేజీల గ్యాస్ సిలిండర్ హాయి, అందులో 60 యూనిట్లకు పైగా వేడి ఉంటుంది. గాలి ఆడేలా పెట్టుకోండి, అంతే.

నాకు బాగా చిరాకు తెప్పించేది కంట్రోలర్ (ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటుని అదుపుచేసే పెట్టె) గురించి చెప్పే మాట: "ఏదో ఒకటి, 800 రూపాయలది చాలు." ఇళ్ల మీద వేసే 540 వాట్ల ప్యానెల్ 41 వోల్ట్‌ల దగ్గర 13 ఆంప్‌లు ఇస్తుంది. ఆ చవకరకం పీడబ్ల్యూఎం కంట్రోలర్ ప్యానెల్‌ని బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది. అప్పుడు 13 ఆంప్‌లు, 13 వోల్ట్‌లు, వెరసి 170 వాట్లు. మిగతా 370 వాట్లు మీరు డబ్బు పెట్టి కొని పైకప్పు మీద ఊరేగిస్తున్నట్టే. క్లాంప్ మీటర్ (వైరులో కరెంటు కొలిచేది) పెట్టి చూస్తే అక్కడికక్కడే కనిపిస్తుంది. ప్యానెల్‌ని దాని సొంత వోల్టేజీ దగ్గరే పనిచేయించే ఎంపీపీటీ కంట్రోలర్ తప్పనిసరి, అందులోనూ దాని వోల్టేజీ పరిమితి చూడాలి. ఇలాంటి ప్యానెళ్లు రెండు వరసగా కలిపితే లోడ్ లేనప్పుడు 99 వోల్ట్‌లు వస్తాయి, లంబసింగి చలిలో తెల్లారి ఎండ తగిలేసరికి అది వంద దాటుతుంది, 100 వోల్ట్‌ల కంట్రోలర్ కాలిపోతుంది. సమాంతరంగా (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలపండి, లేదా 150 వోల్ట్‌లది కొనండి.

మబ్బు పట్టినా పనిచేస్తుంది అన్నది అబద్ధం కాదు. పనిచేస్తుంది, పదో వంతో, మహా అయితే నాలుగో వంతో. కర్నూలు ప్రాంతంలో 1000 మెగావాట్ల సోలార్ పార్క్ పెట్టారంటే అక్కడి ఎండ అలాంటిది, అదే లెక్క పట్టుకుని జులైలో కొంకణ్ వైపు వెళ్తే, వారం ముసురులో ఫ్రిజ్ ఆగిపోతుంది. అయితే తిరిగేవాళ్లకు ఇళ్లవాళ్లకు లేని సౌకర్యం ఒకటుంది, ఇంజిన్. ఇంజిన్ కరెంటుతో ఇంటి బ్యాటరీని నింపే డీసీ-డీసీ ఛార్జర్ 30 ఆంప్‌లది పెట్టుకుంటే గంట ప్రయాణంలో 0.4 యూనిట్ దాకా వస్తుంది. చాలా బీఎస్6 బళ్లలో ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు ఇచ్చేది) వోల్టేజీ నిలకడగా ఉండదు కాబట్టి బండి బ్యాటరీకీ ఇంటి బ్యాటరీకీ మధ్య ఊరికే వైరు లాగితే కుదరదు, ఆ ఛార్జర్ ఉండాల్సిందే.

మరి ఎంత కావాలి? ప్యానెల్ దగ్గర కాకుండా మీ రోజు దగ్గర మొదలుపెట్టండి. ఇద్దరు మనుషులు, లాప్‌టాప్‌ల మీద పని, ఏసీ లేదు అనుకుందాం. 12 వోల్ట్‌ల చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ మన వేడిలో 600 వాట్ అవర్లు, తక్కువ కరెంటు తాగే 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు పది గంటల చొప్పున 560, లాప్‌టాప్‌లు 200, ఫోన్లు, రౌటర్ 150, లైట్లు, నీళ్ల పంపు 80. మొత్తం 1.6 యూనిట్లు. ఇన్వర్టర్‌ని రోజంతా ఆన్‌లో ఉంచితే ఏమీ నడపకుండానే 15 వాట్లు తింటుంది, అదో 360, కాబట్టి వీలైనవన్నీ నేరుగా 12 వోల్ట్‌ల మీదే నడపండి. దీనికి 600 వాట్ల ప్యానెళ్లు, 280 ఏహెచ్ లిథియం బ్యాటరీ సరిపోతాయి. ఎండాకాలంలో కరెంటు మిగులుతుంది, ఎండ అసలు లేకపోయినా రెండు రోజులు గడుస్తుంది, ముసురు రోజుల్లో మూడు, మూడున్నర గంటలు బండి నడిపితే లోటు పూడుతుంది.

పాతికేళ్ల వారంటీ ప్యానెల్ ఇచ్చే కరెంటుకి, బ్యాటరీకి కాదు. రోజూ వాడే లెడ్ యాసిడ్ మూడు నాలుగేళ్లు వస్తే అదృష్టం. పైన బిగించిన బోల్టులు గుంతల రోడ్ల మీద వదులవుతాయి, నెలకోసారి నిచ్చెనేసి చూసుకోవాలి. బండి మార్పులకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, ఆర్టీఓ ఆఫీసులో అడగకుండా మొదలుపెట్టకండి, బీమా కంపెనీకీ చెప్పండి.

ఆ 78,000 రూపాయలు 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలోవి. 3 కిలోవాట్లు, అంతకు మించి వేసుకున్న ఇంటి పైకప్పుకు ఇచ్చే గరిష్ఠ మొత్తం అది, ఇంటి పేరున కరెంటు కనెక్షన్ ఉండాలి, ప్యానెల్ గ్రిడ్‌కి కలిసి ఉండాలి. చక్రాల మీద తిరిగే ఇంటికి సర్వీస్ నంబర్ ఎక్కడిది? ఎవరైనా ఫోన్ చేసి, వ్యాన్‌కి సబ్సిడీ ఇప్పిస్తాం, ముందు ఫైలు ఖర్చులు పంపండి అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి.